బెల్టు కింది మడత

మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘం వాళ్లు మళ్లీ సంచిక వేస్తున్నారట. ఉద్యోగ జీవితంలో ఒక మధుర జ్ఞాపకం రాసిమ్మని ఫోన్ చేశారు. పోయినసారి కూడా ఇలాగే అడిగితే రాసిచ్చాను. అచ్చయి వచ్చిన సంచికలో నా వ్యాసం ఉండాల్సిన చోట ఒక సిమెంటు దుకాణం వాళ్ల పండుగ శుభాకాంక్షలు ఉన్నాయి. కార్యదర్శిని నిలదీస్తే, “జర చేదుగున్నదన్నా, అందరు సదివేది గదా” అన్నాడు. అంతకుముందు వార్షిక సమావేశంలో ఇప్పుడు చెప్పబోయే ఈ సంగతే మొదలుపెట్టగానే మైకు ఆగిపోయింది. నేను వేదిక దిగగానే, భోజనాలకు రమ్మని పిలవడానికి అదే మైకు బ్రహ్మాండంగా పనిచేసింది. అధికారులకు పెట్టుకున్న అర్జీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను. ఈసారి కూడా మధురంగా ఉండదు.

నేను కంపెనీ దవాఖానలో ఫిజియోథెరపీ గదిలో పనిచేసి రిటైరైన వాణ్ని. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు గనుల్లో నడుము పట్టినవాళ్లు, మోకాలు వాచినవాళ్లు, భుజం జారినవాళ్లు నా బల్ల మీద పడుకోకుండా వెళ్లింది తక్కువ. మా గది అల్మరాలో ఒక కాలిపర్ ఉండేది. పట్టకారులాంటి పరికరం, పక్కన గడియారంలాంటి డయల్, దాని మీద ఒక ముల్లు. ఒంట్లో కొవ్వు ఎంతుందో అంచనా కట్టడానికి వాడతారు. ఎన్నో ఏళ్లు దాన్ని అడిగినవాడు లేడు. మహిళల రెస్క్యూ టీమ్ ఎంపిక వచ్చినప్పుడే దానికి దుమ్ము దులిపే యోగం పట్టింది.

గనిలో ప్రమాదం జరిగితే ముందుగా లోపలికి దిగేవాళ్లే రెస్క్యూ టీమ్. విషవాయువు ఉన్నచోటికి, వీపున ఆక్సిజన్ సెట్టు మోసుకుంటూ, స్ట్రెచర్ పట్టుకుని వెళ్లాలి. మొదటినుంచీ అది మగవాళ్ల పని. ఆడపిల్లలకూ ఒక టీమ్ ఉండాలన్నారు. మంచి మాటే. అయితే ఎంపిక కమిటీకి పెద్దగా ఉన్న ఇంజనీరు సారు, ఆడపిల్లలకు పరుగు, బరువు, ఊపిరి పరీక్ష చాలవు, ఒంట్లో కొవ్వు శాతం కూడా చూడాలన్నారు. ఇంతకంటే ఎక్కువుంటే తీసుకోవద్దని ఒక గీత గీశారు. ఆ గీత ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాను. “అంతా స్టాండర్డే మాస్టారూ” అన్నారు. ఆయన కోస్తా వైపు మనిషి. మర్యాదకు లోటు లేదు. నన్ను ఎప్పుడూ మాస్టారూ అనే పిలిచేవారు, కానీ ఒక్కసారి కూడా కూర్చోమనలేదు.

మగవాళ్ల టీమ్‌లో ఎవరి చర్మాన్నైనా ఎప్పుడైనా పట్టి లాగారా? లేదు. ఈ ప్రశ్నను పక్కన పెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం కొలిచే పద్ధతి కొంచెం చెబుతాను. బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్నీ దాని కింద ఉన్న కొవ్వునూ కలిపి మడతగా పైకి లాగాలి. కండ రాకూడదు. ఆ మడతను కాలిపర్ దవడల మధ్య పెట్టి ముల్లు ఎక్కడ నిలిచిందో చదవాలి. చేయి ముందు ఒకసారి, చేయి వెనక ఒకసారి, రెక్క ఎముక కింద, నడుము పక్కన తుంటి ఎముకకు పైన. నాలుగూ కలిపి, ఆడవాళ్ల చార్టులో వయసు చూసి, కొవ్వు నూటికి ఇంత అని చెప్పాలి. చెప్పాలి అన్నాను గానీ నిజానికి అది అంచనా మాత్రమే. ఆ చార్టు ఏ దేశపు ఆడపిల్లల్ని కొలిచి తయారుచేశారో మన దగ్గర ఎవరికీ తెలియదు. పైగా, చర్మం అందరికీ ఒకే తీరుగా పల్చగా ఉంటుంది, మందం ఏదైనా ఉంటే అది కొవ్వుదే అనే నమ్మకం మీద ఆ లెక్క నడుస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న గనిలో పనిచేసి నడుము చెడి, మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయ్యాడు. మా దగ్గర అన్‌ఫిట్ అంటే ఇంట్లో ఏడుపూ నవ్వూ రెండూ ఉంటాయి. తండ్రి ఇంట్లో కూర్చుంటాడు, బిడ్డకు ఉద్యోగం వస్తుంది. ఈ అమ్మాయికి అలాగే వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. ఇచ్చిన పని మాత్రం ఆఫీసులో టీలు అందించడం, గ్లాసులు కడగడం, టేబుళ్లు తుడవడం. మహిళల టీమ్ మాట వినగానే పేరిచ్చింది. డ్యూటీ దిగి, రెస్క్యూ స్టేషన్‌కు పోయి, ప్రాక్టీసు సెట్టు వీపుకు కట్టుకుని మెట్లు ఎక్కి దిగేది. ఆ తర్వాత తండ్రిని నా దగ్గరికి తీసుకొచ్చేది, నడుముకు వేడి పెట్టించడానికి.

ఒకరోజు చున్నీ కింద ఏదో ఉబ్బెత్తుగా కనబడితే అడిగాను. పిల్ల నవ్వి చున్నీ పక్కకు తీసింది. డ్రెస్సు మీద వెడల్పాటి తోలు బెల్టు, కుడిపక్కన నల్లటి డబ్బా. గనిలోకి దిగేవాళ్ల టోపీ దీపానికి నడుమున వేలాడే బ్యాటరీ డబ్బా అది. ఇప్పటి చిన్నది కాదు, పాతకాలం నాటి పెద్దది.

“ఏందమ్మా ఇది?” అన్నాను.

బల్ల మీద బోర్లా పడుకుని ఉన్న తండ్రి అట్లాగే జవాబిచ్చాడు. గనిని మావాళ్లు బాయి అంటారు. “నాదే సార్. లోపలి సామానంత తీసి ఇసుక నింపిన. బాయిల దిగితే నడుముకు బరువుంటది గదా. ఇప్పటిసంది అలవాటు కావాలె. వండేటప్పుడు గాని ఊడ్చేటప్పుడు గాని ఇప్పద్దని చెప్పిన.”

“రాత్రి పండేటప్పుడు ఒక్కటే ఇప్పుతున్న కాకా,” అంది ఆ పిల్ల. “అప్పుడు గూడ గుర్రుగ చూస్తడు మా బాపు.”

“ఎహె, నిన్ను రాణి లెక్క సాదితే బాయిల ఎవలు మోస్తరే?” అన్నాడు తండ్రి.

బెల్టు మరీ బిగుతుగా ఉంది, కొంచెం వదులు చెయ్యమన్నాను. తండ్రి ఒప్పుకోలేదు. “వదులైతె డబ్బా ఊగుతది సార్. ఊగితె నడుము పడ్తది. నా నడుము గట్లనే పాయె.” గనిలో నడుము పోగొట్టుకున్న మనిషి, బిడ్డ నడుము కాపాడాలని చూస్తున్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే గ్రౌండులో పరుగు పెట్టారు. ఆ పిల్ల ముందు వచ్చింది. స్ట్రెచర్ మీద ఇసుక బస్తా వేసి మోసే పరీక్షలో కూడా ముందు ఉంది. ఊపిరి పరీక్షలో డాక్టరమ్మ “శభాష్” అనడం నా చెవులతో విన్నాను. మిగిలింది నా కాలిపర్. పక్క హాల్లో ఆకుపచ్చ కర్టెన్ కట్టించారు. ఆడపిల్లల్ని కొలిచేది మా సిస్టరమ్మ. నేను కర్టెన్ ఇవతల నిలబడి ఆమె చెప్పిన అంకెలు రాసుకుని లెక్క కట్టాలి. కమిటీ పెద్దసారుకు, ఆయన పక్కనున్న ఇద్దరికి కుర్చీలున్నాయి. నాకు వేయలేదు. ఎండాకాలం, హాల్లో ఫ్యాన్ వాళ్ల వైపే తిరుగుతోంది. ఇది చిన్న విషయమని మీరనుకోవచ్చు. నేను అనుకోను.

ఆ అమ్మాయి వంతు వచ్చింది. చేతుల దగ్గర మడతలు చాలా తక్కువ వచ్చాయి. సన్నటి పిల్ల, మోతకు గట్టిపడిన చేతులు. రెక్క ఎముక కింద కొంచెం పెరిగింది. నడుము దగ్గర అంకె ఒక్కసారిగా ఎగిరింది. నేను తప్పు విన్నానేమోనని మళ్లీ చెప్పమన్నాను. సిస్టరమ్మ మళ్లీ అదే చెప్పి, కర్టెన్ లోంచి తల బయటపెట్టి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“అన్నా, ఇది కొవ్వు కాదు,” అంది మెల్లగా. “తోలు మొద్దుబారింది. నల్లగ కమిలి, దళసరయ్యింది. వేళ్లకు మడత సక్కగ దొరుకతలేదు. రోజూ ఏందో కట్టుకున్నట్టుంది పాపం.”

అప్పుడు నాకు తట్టింది. రెక్క ఎముక కింద ఆక్సిజన్ సెట్టు ఆనుతుంది. తుంటి ఎముక పైన ఆ డబ్బా ఆనుతుంది. మేం కొవ్వు కోసం కొలిచే నాలుగు చోట్లలో రెండు, ఆ పిల్ల బరువు మోసే చోట్లే. ఒరుసుకుని ఒరుసుకుని చర్మం దళసరెక్కింది, లోపల వాపు ఉంది. మిగతా పిల్లలు ఎంపిక ప్రకటన చూసి వచ్చినవాళ్లు, నెలల తరబడి బరువు కట్టుకు తిరిగినవాళ్లు కాదు. ఎవరు ఎక్కువ సాధన చేస్తే వాళ్లే ఎక్కువ కొవ్వున్నవాళ్లుగా తేలే లెక్క ఇది.

పెద్దసారు దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. డబ్బా ఉన్నది కుడివైపు, ఎడమవైపు చర్మం మామూలుగానే ఉంటుంది, అటు కొలిచి చూద్దాం అన్నాను.

“కుడివైపే కొలవాలని పద్ధతి కదండీ మాస్టారూ? మీరే చెప్పారు నాకు,” అన్నారాయన.

“చెప్పిన సార్. కుడిపక్క మామూలుగ ఉన్నోళ్లకు ఆ పద్ధతి. దెబ్బతిన్న చోట కొలవద్దని గూడ పద్ధతే.”

“దెబ్బేం కాదుగా. పొద్దున ఆ పిల్లే అందరికంటే ముందు పరిగెత్తింది.”

“అదే నేను చెప్పేది సార్. కొవ్వు పట్టిన పిల్ల అట్ల ఉరుకుతదా?”

ఆయన చిరునవ్వు నవ్వారు. “చూడండీ, ఈ అమ్మాయికి ఎడంవైపు కొలిస్తే రేపు మిగతావాళ్లు మాకూ అటే కొలవమంటారు. యూనియన్లొస్తాయి. రూలు అందరికీ ఒకటే ఉండాలి.”

ఈలోగా సిస్టరమ్మ తన పని తాను చేసింది. లోపల్నుంచి ఎడమవైపు అంకె గట్టిగా చెప్పింది, హాలంతా వినిపించేట్టు. ఆ అంకె వేసి నేను అక్కడికక్కడే లెక్క కట్టాను. గీతకు లోపలే ఉంది, హాయిగా. కుడివైపు అంకెతో కడితే గీత దాటింది, ఒక్క వెంట్రుకవాసి. రెండూ ఆయన ముందు పెట్టాను. కుడిది ఉంచి ఎడమది కొట్టేయమన్నారు. నేను కొట్టేయలేదు. ఆయనే కొట్టేశారు.

మగవాళ్ల టీమ్ కెప్టెన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మంచి ధైర్యస్తుడు, ఎన్నోసార్లు మంటల్లోకి దిగినవాడు. కాకపోతే ఆయన బెల్టు ఎప్పుడూ పొట్ట కింద దాక్కునే ఉంటుంది. “సార్, రూలు అందరికీ ఒకటే అన్నరు గదా, ఈయనను గూడ కొలుద్దాం. మగమనిషే కాబట్టి నేనే కొలుస్త,” అన్నాను.

హాల్లో నవ్వులు. కెప్టెన్‌కు కోపం రాలేదు సరికదా, చొక్కా పైకెత్తేశాడు. “గుంజు అన్నా, దొరికినకాడికి గుంజు! మా ఇంటామె వండిన సర్వపిండంత గీడనే ఉన్నది,” అన్నాడు.

గుంజాను. కాలిపర్ దవడలు ఎంత తెరుచుకున్నా ఆ మడతను పట్టలేకపోయాయి. నేను డయల్‌ను పెద్దసారు వైపు తిప్పి చూపించాను. కర్టెన్ వెనక ఆడపిల్లలు కూడా నవ్వుతున్నారు. ఆయన ఒక్కరే నవ్వలేదు. “అయిందా మాస్టారూ మీ తమాషా?” అన్నారు. కాగితాలు సర్దుకుని లేచారు.

ఆ తమాషా చేయకపోతే సారు మెత్తబడేవాడేమో, పిల్ల బతుకు నీ నోటి దురుసుతో పోయింది, అని తర్వాత చాలామంది నాతో అన్నారు. మా ఇంట్లో కూడా అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎడమవైపు అంకె అంతకుముందే కొట్టేశారు. ఎవరికైనా అనుమానముంటే సిస్టరమ్మను అడగండి, ఇప్పటికీ మార్కండేయ కాలనీ వైపు కూరగాయల దగ్గర కనిపిస్తుంది.

జాబితాలో ఆ పిల్ల పేరు లేదు. ఆమె చోట ఎంపికైన అమ్మాయి కూడా మంచి పిల్లే, ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. మరునాడు తండ్రికి వేడి పెట్టించడానికి మామూలుగానే వచ్చారు. బెల్టు లేదు. తండ్రి నడుము మీదికి వేడి పెట్టే ఎర్ర దీపం తిప్పాక ఆ పిల్లే అంది:

“కాకా, మా బాపు అన్‌ఫిట్ అయితె నాకు నౌకరొచ్చింది. ఇప్పుడు నేను అన్‌ఫిట్ అయితిని. నాది ఎవలకొస్తది?”

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

తండ్రి ముఖం బల్లకు ఆనించి ఉంది. అట్లాగే, “సార్, డబ్బావల్లనేనా?” అన్నాడు.

“కాదు. కొలిచిన తీరు తప్పు,” అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆయన నమ్మలేదు. దీపం కింది నుంచి లేచి, చొక్కా తొడుక్కుని, సంచిలోంచి ఆ డబ్బా బయటికి తీశాడు. ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాడు. మా గది ముందు మెట్ల మీద కూర్చుని మూత విప్పి, ఇసుకంతా నేల మీద కుమ్మరించాడు. గట్టిగా కూరిన ఇసుక. ఒక్కసారి రాలేదు, డబ్బాను మెట్టుకేసి కొట్టాల్సి వచ్చింది. ఊడ్చే ఆమె వచ్చి, “దవాఖాన ముంగట ఇసుక పోస్తరా? నీ ఇల్లనుకున్నవా?” అని అరిచింది. పిల్ల ఆమె చేతిలోని చీపురు తీసుకుని తానే ఊడ్చింది.

ఆఫీసు క్యాంటీన్లో కొన్నాళ్లు ఆమెను ‘పర్సంటేజీ పిల్ల’ అని పిలిచారు. రెండు సమోసాలు తీసుకుంటే, “చూస్కో, గీత దాటుతవు” అనేవాళ్లు. ఆ అన్నవాళ్లు కూడా నాకు గుర్తున్నారు. అందులో ఒకాయన ఇప్పుడు మన సంఘంలో సభ్యుడే. ఈ సంచిక ఆయనకూ అందుతుంది.

నాకేం జరిగిందంటారా? కాలిపర్ పని నా చేతినుంచి తీసేశారు. టీమ్ ప్రారంభం రోజు ఎంపికకు సాయపడిన వాళ్లందరికీ శాలువాలు కప్పారు, టెంటు వేసిన వాళ్లతో సహా. నన్ను పిలవలేదు. నేను అర్జీలు పెడుతూనే ఉన్నాను. మళ్లీ కొలవండి అని ఒకటి, ఆ గీత ఎక్కడిదో చూపించండి అని ఒకటి, మగవాళ్లకు ఎందుకు లేదో చెప్పండి అని ఒకటి.

కొన్ని నెలలకు ఆ పిల్ల తానే వచ్చింది. “ఒక్కసారి కొలువుండ్రి కాకా. ఎవలకు చూపెట్టద్దు. నాకు తెలువాలె, అంతే,” అంది. సిస్టరమ్మ కొలిచింది. బరువు అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. చేతుల దగ్గర అంకెలు కాస్త పెరిగాయి కూడా, సాధన మానేసింది కదా. కానీ కుడి నడుము మీది నలుపు పోయింది, చర్మం మెత్తబడింది, మడత ఎడమవైపు ఎంతో కుడివైపూ అంతే. లెక్క కడితే గీతకు లోపలే ఉంది. సాధన చేసినన్నాళ్లూ కొవ్వున్న పిల్ల, మానేశాక కొవ్వు లేని పిల్ల అయింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చూపించొద్దన్న ఆ పిల్లను బతిమాలి ఒప్పించి అది కూడా పంపాను. టీమ్ నిండిపోయిందని నోటిమాటగా ఎవరో చెప్పారు. కాగితం మీద జవాబు రాలేదు.

కొత్తగా కాలిపర్ పట్టుకునే పిల్లలకు ఒక్క మాట. ముల్లు చూసే ముందు చర్మాన్ని చూడండి. అక్కడ మచ్చ ఉంటే, గట్టిదనం ఉంటే, ఏం మోశావమ్మా అని అడగండి. ఆ తర్వాతే అంకె రాయండి. ఆ అంకె మీద ఒకరి బతుకు ఆధారపడితే, అది అంచనా అని గట్టిగా చెప్పండి. మీకు కుర్చీ వేయకపోయినా సరే.

ఇప్పుడు ఆ టీమ్ ఫొటో ఆఫీసు గోడకు పెద్దగా కట్టించి పెట్టారు. పెద్దసారు ఇంకా పెద్దయ్యారు, అదే అంతస్తులో అద్దాల గది. ఆ పిల్ల ఇంకా ఆ ఆఫీసులోనే ఉంది, టీలు అందిస్తూనే. మొన్న పింఛను పని మీద వెళితే చూశాను. చేతిలో ట్రేతో ఆ ఫొటో ముందు నుంచి నడిచి ఆయన గదిలోకి వెళ్లింది. గ్లాసు పెట్టింది. ఆయన తల ఎత్తలేదు. బయటికి వస్తూ నన్ను చూసి, “ఛాయ్ తాగుతవా కాకా?” అంది. నేను వద్దన్నాను.

సారూ, ఈ సంచిక మీ టేబుల్ మీదికి వస్తుందని నాకు తెలుసు. నా అర్జీలకు జవాబు వద్దు, అవన్నీ చింపేయండి. నాకు శాలువా వద్దు, కుర్చీ కూడా వద్దు. ఆ రోజు మీరు కొలిపించింది ఆ పిల్ల కొవ్వునా, లేక ఆ పిల్ల మోసిన బరువునా? నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. పొద్దున పదకొండింటికి ఆమె మీ గదిలోకి టీ తెస్తుంది. గ్లాసు పెట్టి వెనక్కి తిరిగేలోపు, తల ఎత్తి, ఆమెకు చెప్పండి.